వేళ్ళు అరిగినా మనిషి మనిషే!

"మామ్మగారూ, మీ వేలు పడటంలేదండీ!"

కౌంటరు వెనకున్న కుర్రాడు ఆ మాట అనడం అది ఏడోసారి. మా అమ్మ కుడిచేతి బొటనవేలు పెట్టింది. పడలేదు. ఎడమచేతిది పెట్టింది. పడలేదు. చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చిన్న పెట్టెలో ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది తప్ప, కంప్యూటరు మాత్రం ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.

అది నవంబరు నెల. నాన్న రైల్వే ఉద్యోగి. ఆయన పోయాక అమ్మకు కుటుంబ పింఛను వస్తోంది. ఏటా నవంబరులో 'నేను బతికే ఉన్నాను' అని ఋజువు చూపిస్తేనే ఆ పింఛను ఆగకుండా వస్తుంది. అందుకే ఇద్దరం పొద్దున్నే తయారై, ఊళ్ళో ఒక సేవాకేంద్రానికి వెళ్ళాం.

"నాలుగు రోజులు చేతులకు కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ రండి" అన్నాడా అబ్బాయి. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు!

ఆటోలో తిరిగి వస్తూ అమ్మ తన చేతులకేసి చూసుకుంది. "ఇదేం చోద్యమే! మనిషిని ఎదురుగా కూర్చున్నాను, మాట్లాడుతున్నాను. నేను బతికున్నానని నా వేలు చెప్పాలా?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. పింఛను ఆగిపోతుందేమోనన్న దిగులు ఒకటి. తనలోనే ఏదో లోపం ఉన్నట్టు నలుగురిలో అనిపించుకున్నానన్న చిన్నతనం మరొకటి.

నేను ఇరవై ఏళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు రాసుకునే మనిషిని. రోజూ నా మాట వినే యంత్రానికి మా అమ్మ వేలు ఎందుకు ఆనలేదో తెలుసుకుందామనిపించింది. తెలుసుకునేకొద్దీ, మన ఒంటికీ కంప్యూటరుకూ మధ్య ఇన్ని చిత్రాలున్నాయా అని ముక్కున వేలేసుకున్నాను!

అమ్మ కడుపులోనే పడే ముద్ర

వేలికొసల మీది ఈ గీతలు మనం పుట్టాక వచ్చినవి కావు. బిడ్డ కడుపులో ఉండగా మూడో నెలలో మొదలై, అయిదో నెల వచ్చేసరికి స్థిరపడిపోతాయి. తల్లిదండ్రుల పోలికతోపాటు, గర్భంలో ఆ బిడ్డ ఎటు తిరిగింది, ఉమ్మనీరు ఎలా తాకింది, వేలు ఎంత వేగంగా పెరిగింది వంటివన్నీ కలిసి ఆ ముగ్గు వేస్తాయి. అందుకే అచ్చుగుద్దినట్టుండే కవలపిల్లలకు కూడా వేలిముద్రలు వేరువేరుగానే ఉంటాయి. కన్నతల్లి పొరబడినా వేలిముద్ర పొరబడదన్నమాట!

ఇంకో తమాషా. ఆస్ట్రేలియాలో చెట్లమీద ఉండే కోలా అనే చిన్న జంతువుకు కూడా మనలాంటి వేలిముద్రలే ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూసినా మనిషి ముద్రకూ దాని ముద్రకూ తేడా పట్టుకోవడం కష్టమట.

కూర తరుగుతుంటే వేలు కొద్దిగా తెగుతుంది. బాణలి తగిలి చురుక్కుమంటుంది. మానాక మళ్ళీ పాత గీతలే వస్తాయి, గమనించారా? ముగ్గుకు మూలం పైచర్మంలో లేదు, దాని అడుగు పొరలో ఉంది. పైన చెరిగినా అడుగునున్న అచ్చు మళ్ళీ అదే బొమ్మను పైకి తెస్తుంది. గాయం అడుగు పొరదాకా దిగితే మాత్రం మచ్చ మిగిలిపోతుంది.

మరి మా అమ్మ గీతలు ఏమైనట్టు?

అంట్లగిన్నెలు తిన్న గీతలు

యంత్రం మన వేలిని మనం చూసినట్టు చూడదు. గీతలన్నీ పక్కనపెట్టి, గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులనే లెక్కలోకి తీసుకుంటుంది. మనం కొత్త పేటలో దారి గుర్తుపెట్టుకున్నట్టే. 'ఇక్కడ సందు ఆగిపోతుంది, రావిచెట్టు దగ్గర రెండుగా చీలుతుంది' అని కొండగుర్తులు పెట్టుకుంటాం కదా! ఆ గుర్తులే అరిగిపోతే దారి ఎలా దొరుకుతుంది?

అమ్మకు పద్నాలుగో ఏట పెళ్ళయింది. అప్పట్నుంచీ బూడిదతో, ఇటుకపొడితో, కొబ్బరిపీచుతో గిన్నెలు తోమింది. ఆ తరవాత సబ్బుపొడులు వచ్చాయి. రోట్లో పచ్చళ్ళు నూరింది, పండక్కి గోడలకు సున్నం వేసింది, బండమీద ఆరుగురి బట్టలు ఉతికింది. గరుకు పనులూ, సున్నం, సిమెంటు, ఘాటు సబ్బులూ వేలికొసల్ని అరగదీస్తాయి. దానికి వయసు తోడవుతుంది. పెద్దవయసులో చర్మం పొడిబారుతుంది, బిగి తగ్గుతుంది, గీతల ఎత్తు పల్లమవుతుంది. పైగా ఆడవాళ్ళ వేలిగీతలు సగటున మగవాళ్ళకంటే సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి.

పొలంపని చేసేవాళ్ళు, తాపీపని దగ్గర సిమెంటు మోసేవాళ్ళు, నాలుగిళ్ళలో అంట్లు తోమేవాళ్ళు... రేషన్ దుకాణం దగ్గర 'వేలు పడటంలేదు' అనిపించుకునేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే కదా! పని చేసిన చేతినే యంత్రం గుర్తుపట్టనంటోందన్నమాట.

మందుల వల్ల కూడా ముద్రలు చెరిగిపోవచ్చు. కెపాసిటబిన్ అనే కేన్సరు మందు వాడుతున్న ఒక సింగపూర్ పెద్దాయన అమెరికాలో విమానం దిగితే, వేలిముద్రలే లేవని అధికారులు నాలుగు గంటలు కూర్చోబెట్టారు. 2009లో ఈ సంగతి వైద్య పత్రికలో వచ్చింది.

నిశానీ నుంచి సంతకానికి, మళ్ళీ నిశానీకి

వేలిముద్ర కథలో మన దేశానికి పెద్దపీటే ఉంది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకున్నాడు. తర్వాత మాట తప్పకుండా ఉండాలని ఆయన అరచేతి ముద్ర కూడా వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. లక్షల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి తీసే లెక్కను అక్కడ తయారుచేసినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ళ పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కి, 'హెన్రీ పద్ధతి' అయింది!

మనవైపు వేలిముద్ర అంటే ఏమిటి? చదువురానివాళ్ళ నిశానీ. 'వేలిముద్రగాడు' అంటే తిట్టే. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు ఎందరో ఆడవాళ్ళు రాత్రిబడులకు వెళ్ళి తమ పేరు తాము రాసుకోవడం నేర్చుకున్నారు. ఆ బడుల్లోంచే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. మా అమ్మ కూడా పెళ్ళయిన చాలా ఏళ్ళకు, నా పలక మీదే అక్షరాలు దిద్దింది. మొదటిసారి పోస్టాఫీసులో సంతకం పెట్టిన రోజు ఇంటికొచ్చి కొబ్బరి లౌజు చేసింది.

అంత కష్టపడి బొటనవేలి సిరా కడుక్కున్న తరానికి, కంప్యూటరు వచ్చి మళ్ళీ వేలు చాపమంది. 2010 సెప్టెంబరులో మొదటి ఆధార్ నంబరు ఇచ్చారు. పెద్దవాళ్ళకు పదివేళ్ళ ముద్రలు, రెండుకళ్ళ గుర్తులు, ముఖం ఫొటో తీసుకున్నారు. కలెక్టరైనా, కూలిమనిషైనా ఇప్పుడందరిదీ నిశానీయే!

అసలు 'డిజిటల్' అనే మాటే వేలి నుంచి పుట్టింది, తెలుసా? లాటిన్‌లో 'డిజిటస్' అంటే వేలు. వేళ్ళమీద లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి అంకెకూ అదే పేరొచ్చింది. వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుతూ పాల లెక్క, చాకలిపద్దు తేల్చేసే మా అమ్మమ్మ అచ్చమైన డిజిటల్ మనిషి!

వేలిలో కండ లేదు!

టైపు కొట్టినా, ఫోన్‌మీద రాసినా వేళ్ళు చకచకా ఆడతాయి కదా. ఆ వేళ్ళను ఆడించే కండరాలు వేళ్ళలో లేవు. అరచేతిలోనూ, మోచేతికీ మణికట్టుకూ మధ్యా ఉన్నాయి. అక్కణ్ణుంచి తాళ్ళలాంటి నరంపోగులు వచ్చి, తోలుబొమ్మల్ని ఆడించినట్టు వేళ్ళను ఆడిస్తాయి. మణికట్టు దగ్గర ఒక ఇరుకు దారిలోంచి అలాంటివి తొమ్మిది, వాటితోపాటు ఒక నాడి దూరివెళతాయి. అక్కడ వాపు వస్తే నాడి నలిగి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆడవాళ్ళలో, అందులోనూ గర్భిణుల్లో, ఈ బాధ ఎక్కువ.

తడిచేత్తో ఫోను ఎత్తబోతే మాట వినదు, ఎందుకో? ఆ అద్దం మనం నొక్కిన బరువును చూడదు. మన ఒంట్లోని ఉప్పునీటి వల్ల వేలు తగిలిన చోట కరెంటులో కలిగే చిన్న మార్పును పసిగడుతుంది. నీటిచుక్క కూడా అలాంటి మార్పే తెస్తుంది కాబట్టి తికమకపడుతుంది. గోటితో పొడిస్తే పలకదు. అరటిపండుతో తాకితే మాత్రం పలుకుతుంది!

రెప్పపాటే సాక్ష్యం

కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. అందులోని అల్లిక కూడా ఏ ఇద్దరికీ కలవదు. ఒకే మనిషి కుడికంటిదీ ఎడమకంటిదీ కూడా వేరే! మనలాంటి ముదురు గోధుమరంగు కళ్ళలో ఆ అల్లిక మామూలు వెలుగులో సరిగా కనపడదు. అందుకే యంత్రం మన కంటికి కనిపించని పరారుణ కాంతి వేసి చూస్తుంది. అంట్లు తోమితే వేళ్ళు అరుగుతాయి గానీ కళ్ళు అరగవు కదా!

ఈ కళ్ళ దగ్గరే నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఆమధ్య కళ్ళు మండుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా కళ్ళు పరీక్షచేసి, "మీరు రెప్ప వేయడం మరిచిపోతున్నారు" అన్నారు. రెప్ప వేయడం కూడా ఎవరైనా మరిచిపోతారా అనుకున్నాను. 1993లో జపాన్ డాక్టర్లు కొందరు లెక్కవేశారట. ఊరికే కూర్చున్నప్పుడు సగటున నిమిషానికి 22 సార్లు రెప్పలు పడ్డాయి. పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు. కంప్యూటరు తెర చూస్తున్నప్పుడు 7 సార్లే! రెప్ప పడినప్పుడల్లా కన్నీటి తడి కంటిమీద పరుచుకుంటుంది. అది తగ్గితే మంట.

ఇప్పుడు మా అమ్మ దగ్గరికి వద్దాం. ఈ సంగతులన్నీ చదువుతుంటే తెలిసింది, బతికున్న ఋజువుకు వేలొక్కటే దారి కాదని. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా ఆ పత్రం తీసుకోవచ్చు. మామూలు స్మార్ట్‌ఫోను చాలు. మర్నాడు వరండాలో వెలుతురున్న చోట అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు నా ముఖం, తర్వాత అమ్మ ముఖం. రెప్ప వేయమని అడిగింది ఫోను. ఫొటో అయితే రెప్ప వేయలేదు కదా, అందుకు!

అమ్మ అలవాటుగా ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయి, కళ్ళార్పకుండా చూస్తోంది. "రెప్ప వెయ్యమ్మా!" అన్నాను. టపటపా నాలుగుసార్లు వేసింది. అంతే. రెండు నిమిషాల్లో పనైపోయింది. ఫోనుకు మెసేజీ వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలా జరిగితే...

* బొటనవేలు పడకపోతే అక్కడితో ఆగిపోవద్దు. మిగతా తొమ్మిది వేళ్ళూ ప్రయత్నించమనండి. అరగనిది ఏదో ఒకటి ఉండవచ్చు. వేలు శుభ్రంగా కడిగి తుడుచుకుని పెట్టాలి. మరీ పొడిగా ఉంటే కొంచెం తేమ, జిడ్డుగా ఉంటే మళ్ళీ తుడవడం.

* పింఛనుదారుల జీవన్ ప్రమాణ్‌కు వేలు, ఐరిస్, ముఖం, ఏదైనా చెల్లుతుంది. కదలలేనివాళ్ళకు పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి చేసే సదుపాయం ఉంది. బ్యాంకులో కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చే పాత పద్ధతీ ఉంది.

* వేలు పడలేదన్న ఒక్క కారణంతో రేషన్ ఎగ్గొట్టకూడదు. ఐరిస్, ఓటీపీ వంటి దారులు చూడాలి, అవీ కుదరకపోతే వేరే ఋజువు చూసి, పుస్తకంలో రాసుకుని ఇవ్వాలని 2017 అక్టోబరులోనే ఆధార్ సంస్థ చెప్పింది. గట్టిగా అడగండి.

* ముద్రలు తరచూ మొరాయిస్తుంటే ఆధార్ కేంద్రంలో కొత్తగా వేయించుకోవచ్చు.

* ఘాటు సబ్బుతో పని ఉన్నప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు కాస్త నూనె రాసుకోండి.

* తెర చూసే పని ఉన్నవాళ్ళు 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. రెప్ప వేయడం మరిచిపోకండి!

మెసేజీ చదివి వినిపించాక అమ్మ అడిగింది, "అయితే నేను బతికే ఉన్నానంటోందా?" అని. ఉన్నావనే అంటోందన్నాను. "చాల్లే, వచ్చే ఏడు దాకా గొడవలేదు" అంటూ లేచి, సింకులో నానుతున్న గిన్నెల దగ్గరికి వెళ్ళబోయింది. చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఆ పూట అంట్లు నేనే తోమాను.