గడ్డి కొనే ముందు వాలు చూడండి: కొండచీపురు, వట్టివేరు, తుంగ

ఈ రోజు పెదబయలు నుంచి మాట్లాడుతున్నా. నా వెనక మట్టి జారిపోయిన చోటు కనిపిస్తోంది కదా, అది మా ఇంటి ముందు వాలు. పోయినేడాది అక్కడ నేనే లాన్ వేయించా. నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి పలకలు తెచ్చి పరిచాం. ఫొటోలు అదిరిపోయాయి. జులైలో వరసగా మూడు రోజులు వాన పడింది. వేర్లు నేలని పట్టుకునేలోపే గడ్డి మొత్తం చాప చుట్టినట్టు చుట్టుకుని కిందికి జారింది. పైమట్టిని కూడా తీసుకుపోయింది. డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు, ఆ మట్టి మాత్రం గెడ్డలో కలిసిపోయింది.

పక్కింటి పిన్ని చూసి ఒక్కటే అడిగింది: "ఏటి బాబూ, కొండ మీద చీపురు దుబ్బు జారిపోవడం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. నేను గడ్డిని రంగు చూసి ఎంచుకున్నా. ఎంచుకోవాల్సింది చోటుని చూసి.

ముందు ఒక చిన్న విషయం. గడ్డి, తుంగ ఒకటి కావు. కాడని రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి. తుంగ కాడ చాలావరకు మూడు పలకలుగా తగులుతుంది, కణుపులు ఉండవు. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగల్లో ఎక్కువ వాటికి తడి ఇష్టం.

ఇప్పుడు చోట్లు చూద్దాం.

మొదటిది వాలు. ఇక్కడ కొండచీపురుని మించింది లేదు. దుబ్బుగా పెరిగి మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. మనిషి కంటే ఎత్తు ఎదుగుతుంది కాబట్టి కిటికీ పక్కన, దారి పక్కన వద్దు. దుబ్బుకీ దుబ్బుకీ రెండు మీటర్లు వదలండి. చలికాలం చివర్లో వచ్చే పూతే మన చీపురు. దాన్ని కొడవలితో కోయాలి. చేత్తో లాగితే దుబ్బు వేరుతో సహా కదిలిపోతుంది, మళ్లీ మట్టి వదులే.

చోటు తక్కువుంటే వట్టివేరు. దీని వేర్లు పక్కలకి పాకకుండా నేరుగా కిందికి దిగుతాయి, మంచి నేలలో మూడు మీటర్ల దాకా. దక్షిణాదిలో సాగు చేసే రకానికి మొలిచే విత్తనాలు రావు కాబట్టి తోటంతా పాకిపోదు. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు ఎప్పటి నుంచో దీన్ని పొలం గట్ల మీద కంచెలా పెంచుతున్నారు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా మట్టి కోత ఆపడానికి ఇదే గడ్డిని ప్రచారం చేశారు. పిలకలు 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తులో వరసగా పెట్టాలి. ఎత్తు సరిచూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. వరస వంకరపోతే నీళ్లన్నీ పల్లం ఉన్న దగ్గర చేరి అక్కడే గండి కొడతాయి. ఇంకో మాట, వాలు మీద పెట్టిన వట్టివేరుని వేర్ల కోసం తవ్వకండి.

రెండోది నడిచే చోటు. ఎండ బాగా పడితే మన గరికే చాలు. నీడలో పలచబడిపోతుంది. కూరగాయల మడికి మాత్రం దూరంగా ఉంచండి, కణుపు కణుపుకీ వేరేసుకుంటూ పాకుతుంది.

మూడోది స్నానాల నీళ్లు చేరే తడి చోటు. ఇక్కడ చాపలు అల్లే తుంగ బాగుంటుంది. అయితే ఇదీ భూమిలోపల పాకుతుంది, అందుకే తొట్టిలోనో సిమెంటు గట్టు మధ్యలోనో పెట్టండి.

తుంగ తెచ్చే ముందు వేరు కడిగి చూడండి. దారాలకి కట్టినట్టు చిన్న చిన్న గడ్డలు వేలాడుతుంటే అది తుంగముస్తలు. మందుల్లో వాడతారు, మన నేలదే, అయినా తోటలోకి రానివ్వద్దు. 1977లో ప్రపంచ కలుపు మొక్కల మీద వచ్చిన ఒక పెద్ద పుస్తకం దీన్నే మొదటి స్థానంలో పెట్టింది. పైన పీకితే గడ్డలు కిందే ఉండి మళ్లీ మొలుస్తాయి. అంటే మన మొక్క అయితే చాలదు, మన చోటుకి సరిపోవాలి.

చివరిగా, కొండెక్కి దుబ్బులు తవ్వుకొచ్చేయకండి. అక్కడ అడవిలా కనిపించేది చాలాసార్లు ఒక ఇంటి చీపురు తోట. గిరిజన సహకార సంస్థ, అదే 1956లో పెట్టిన మన జీసీసీ, కొనే సరుకుల్లో కొండచీపుర్లూ ఉన్నాయి. సంతలో కూడా అమ్ముకుంటారు. ఒక్క దుబ్బు పోతే వాళ్లకి ఏటా వచ్చే చీపుర్లు పోయినట్టే. అడగండి, డబ్బులివ్వండి, తొలకరి పడ్డాక పిలకలు తెచ్చుకోండి. నేను పిన్ని దగ్గర అలాగే కొన్నా.

ఈ జూన్‌లో పైన రెండు వరసలు వట్టివేరు, కింద ఆరు చీపురు పిలకలు పెట్టా. వేర్లు పట్టేదాకా మధ్యలో రాళ్లు అడ్డం పేర్చా. మీరు కూడా ఈసారి వాన పడేటప్పుడు గొడుగేసుకుని బయటికి రండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి, గడ్డి సంగతి ఆ తర్వాత.