పెరట్లో వరి కుచ్చు.. చేతిలో సెల్‌ఫోన్: పిట్టల ఫొటోలతో పంటకు మేలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో మక్క కంకి పాలు పోసుకునే వేళ పిట్టల బెడద తెలిసిందే. ఆ కోపంలో మందు కలిపిన గింజలు చల్లితే చిలుకలే కాదు, పురుగులు తినే పిట్టలూ చనిపోతాయి. అవి ఏరుకు తినే పురుగులకు మీరే మందు కొనాల్సి వస్తుంది. కాబట్టి చేనుకు వచ్చేది ఏ పిట్టో ముందు గుర్తించండి. ఫొటో ఉంటే గుర్తుపట్టడం సులువు. సాధనకు పెరడే మంచి చోటు.

కుచ్చు ఎలా కట్టాలి?

• మన ఇళ్లలో వరి కంకుల కుచ్చును చూరుకు వేలాడదీయడం పాత అలవాటే. పిల్లి అందుకోలేని ఎత్తులో కట్టండి.
• వెడల్పాటి మట్టి పాత్రలో రెండు అంగుళాల లోతు మించకుండా నీళ్లు పెట్టి, రోజూ మార్చండి.
• విత్తనశుద్ధి చేసిన గింజలు, బూజు పట్టిన మక్కలు అసలు పెట్టవద్దు.
• నాటుకోళ్ల గూడుకు దూరంగా ఉంచండి. బయటి పిట్టల రెట్టతో కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ కోళ్లకు సోకే ప్రమాదం ఉంది.

ఫొటో ఎలా తీయాలి?

• ఎండ ముదరకముందే, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి.
• తలుపు చాటునో, కిటికీ వెనకో కదలకుండా ఉండండి. రెండు మూడు రోజుల్లో పిట్టలు అలవాటు పడతాయి.
• జూమ్ ఎక్కువ చేస్తే బొమ్మ చెదురుతుంది. ఫోన్‌ను కుచ్చు దగ్గర కదలకుండా నిలబెట్టి వీడియో తీస్తే, అందులోంచి మంచి బొమ్మ ఎంచుకోవచ్చు.
• ఫ్లాష్ వాడవద్దు. గూడు, పిల్లల దగ్గరకు వెళ్లవద్దు.

చేనులోనూ తీయండి

కుచ్చు మీదికి వచ్చేవి పిచ్చుకల వంటి గింజ తినే పిట్టలే. ఆ పిచ్చుకలు కూడా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. తోక చీలిన నల్లని ఏట్రింత, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట గింజల జోలికి రావు. కరెంటు తీగ మీద, కంచె మీద కాచుకుని మిడతలు, పురుగులు పడతాయి. దున్నేటప్పుడు నాగలి వెంట నడిచే తెల్లకొంగలదీ అదే పని. ఈ ఫొటోలు చేను గట్టు మీదే దొరుకుతాయి.

ఫొటో తీసిన తేదీ, పంట దశ, పిట్ట ముక్కున ఉన్నది గింజా పురుగా రాసుకోండి. పేరు తెలియకపోతే ఉచితంగా దొరికే మెర్లిన్ యాప్‌లో చూడండి, లేదా రైతు వేదికలో ఏఈఓకు చూపించండి.

ఫొటో చూసి ఏం చేయాలి?

• ఫొటోల్లో చిలుకలు, గిజిగాళ్లు ఎక్కువగా ఉంటే గింజ పాలు పోసుకునే దశ నుంచి మెరిసే రిబ్బన్లు కట్టండి. ఉదయం, సాయంత్రం కాపలా ఉండండి.
• ఏట్రింత, పాలపిట్ట కనిపిస్తే శనగ, కంది, సోయాలో ఎకరాకు 8 నుంచి 10 పక్షి స్థావరాలు ‘టి’ ఆకారంలో పాతండి. వరి, మక్కలో గింజ పట్టే దశకు ముందే వాటిని తీసేయాలి.

నెమలికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. చంపితే జైలు శిక్ష తప్పదు. పిట్టలు ఒకేచోట చచ్చి పడి ఉంటే ఒట్టి చేతులతో ముట్టవద్దు, వెంటనే పశువైద్య సిబ్బందికి చెప్పండి.

ఈ సీజన్‌లో మందు డబ్బా మూత తీసే ముందు ఒక వారం ఫొటోలు తీసి చూడండి.