సెల్‌ఫోన్‌ గురువు.. జవాబు కాదు, దారి చూపాలి

తెలుగు మాధ్యమంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన గ్రామీణ విద్యార్థులకు మొదటి సంవత్సరమే అసలు పరీక్ష. గణితం, ఇంజినీరింగ్‌ మెకానిక్స్‌లలో ఆరంభంలో తడబడితే బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతాయి. 60 మంది ఉన్న తరగతిలో ప్రతి ఒక్కరి సందేహాన్నీ నివృత్తి చేయడం అధ్యాపకులకు కష్టసాధ్యం. ఈ లోటును చేతిలోని సెల్‌ఫోన్‌ కొంతవరకు పూడ్చగలదు. అయితే ఫలితమంతా దానిని వాడే తీరుపైనే ఆధారపడి ఉంటుంది.

పొరపాటు ఎక్కడో చెప్పాలి

ఉదాహరణకు 6 మీటర్ల దూలం రెండు చివరలా ఆధారాలపై నిలిచి ఉంది. ఎడమ చివర నుంచి 2 మీటర్ల దూరంలో 12 కిలోన్యూటన్ల భారం పడింది. దూలం బరువును లెక్కించకుంటే ఎడమ ఆధారం మోసేది 8 కిలోన్యూటన్లు. విద్యార్థి 4 అని రాస్తే, జవాబును మాత్రమే చూసే యాప్‌ ‘తప్పు’ అని ఊరుకుంటుంది. ప్రతి మెట్టునూ సరిచూసే డిజిటల్‌ ట్యూటర్‌ ‘దూరాన్ని ఏ ఆధారం నుంచి కొలిచారు?’ అని ప్రశ్నిస్తుంది. కుడి ఆధారం నుంచి భారానికి 4 మీటర్లున్నట్లు విద్యార్థి తానే గ్రహిస్తాడు. 12ను 4తో హెచ్చించి 6తో భాగిస్తే 8 వస్తుంది.

అధ్యయనాలు చెబుతున్నదిదే

అమెరికా పరిశోధకుడు కర్ట్‌ వాన్‌లేన్‌ 2011లో పలు ప్రయోగాలను సమీక్షించారు. మెట్టుమెట్టుగా సరిచూసే ట్యూటర్లు మనుషులు చెప్పే ట్యూషన్‌కు దాదాపు సమాన ఫలితమిచ్చాయని, జవాబును మాత్రమే చూసేవి వెనుకబడ్డాయని తేల్చారు. టర్కీలో సుమారు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన గణిత అధ్యయనం 2024లో వెలువడింది. అడిగిందే తడవుగా జవాబిచ్చే కృత్రిమ మేధను వాడినవారు సాధనలో 48 శాతం మెరుగ్గా రాణించారు. దానిని తొలగించి పరీక్ష పెట్టగా, అసలు వాడనివారికంటే 17 శాతం వెనుకబడ్డారు. సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన ట్యూటర్‌తో ఈ నష్టం చాలావరకు తప్పింది.

ఉచితంగానే పాఠాలు

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్‌ వీడియో పాఠాలను ఉచితంగా చూడవచ్చు. ఐఐటీ బాంబే ‘స్పోకెన్‌ ట్యుటోరియల్‌’లో సాఫ్ట్‌వేర్‌ పాఠాలు తెలుగులోనూ లభిస్తున్నాయి. ప్రయోగాల సాధనకు ‘వర్చువల్‌ ల్యాబ్స్‌’ ఉపకరిస్తుంది.

ఇలా వాడుకుంటే మేలు

* లెక్కను ముందుగా కాగితంపై సొంతంగా ప్రయత్నించాలి.
* ఆగిపోయినచోట జవాబు కాక, ఒక్క సూచన మాత్రమే అడగాలి.
* కృత్రిమ మేధ కూడా పొరబడవచ్చు. పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి.
* అదే తరహా లెక్కను మరునాడు ఫోన్‌ పక్కన పెట్టి చేయాలి. అప్పటికీ రాకపోతే అధ్యాపకుణ్ని ఆశ్రయించాలి.

పరీక్ష హాలులోకి సెల్‌ఫోన్‌ రాదు. అక్కడ అక్కరకు వచ్చేది సొంత సాధనే.