నమూనా ఆవిరియంత్రము: తప్పిన కొలతలను సరిదిద్దుట

నమూనా ఆవిరియంత్రమును మొదటిసారి చేయబూనినవారికి పొరపాట్లు తప్పవు. సిలిండరు రంధ్రము కొలతకు మించును, ఇరుసు సన్నబడును, తొలిచిన చిల్లు గుర్తునుండి తొలగును. పనియంతయు చెడినదని పలువురు దానిని మూలకు త్రోయుదురు. అట్లు త్రోయనక్కరలేదు.

ఈ చిక్కు జేమ్సు వాట్‌కును తప్పలేదు. 1769లో పేటెంటు పొందినను, సిలిండరు సరిగా గుండ్రముగా లేనందున పిస్టను చుట్టును ఆవిరి వెడలిపోయెడిది. కార్కును, నూనెగుడ్డలను కుక్కి చూచినను ఫలము లేకపోయెను. ఫిరంగులను తొలుచుటలో ఆరితేరిన జాన్ విల్కిన్‌సన్ 1775లో కొత్తయంత్రముతో సిలిండరును తొలిచి ఇచ్చిన పిదపనే, 1776లో వాట్ యంత్రములు పనిలో నిలిచినవి.

దీనివలన తెలియునది యేమనగా, పటములోని అంకెకంటె ఒక భాగమునకు మరియొక భాగము పొందుట ముఖ్యము. రంధ్రము అంగుళములో అయిదు వేయవవంతులు పెద్దదైనను, అది గుండ్రముగా, ఆద్యంతము సమానముగా నున్నచో, పిస్టనును దానికి తగినట్లు లేతుపై చేసికొనవచ్చును. ఒక కొన వెడల్పైనచో మరికొంత తొలిచి, కంచు గొట్టమును లోపల బిగింపవలయును. అందుచేతనే ముందు రంధ్రమును, తరువాత పిస్టనును చేయవలయును.

ఇరుసు సన్నబడినచో బుష్షును చిన్నరంధ్రముతో మరల చేయుడు. చిల్లు పక్కకు తొలగినచో దాని ప్రక్కనే మరల తొలువరాదు. బరమా పాతచిల్లులోనికే జారును. ముందు అదే లోహపు మేకును మరతో బిగించి, ఆకురాయితో సమము చేసి, పిదప కొత్త గుర్తుపై తొలువవలయును.

ఇది చాటుగా చేయు పని కాదు. 1893లో నెలకొన్న లాలాగూడ రైల్వే కర్మశాల వంటి చోట్ల, ఆవిరిబండ్ల కాలమున, అరిగిన సిలిండరును మరల తొలిచి పెద్ద వలయములు అమర్చుట నిత్యకృత్యము. మహబూబునగరము మీదుగా సాగిన మీటరుగేజి బండ్లకును ఇట్టి మరమ్మతులే ప్రాణము. నల్లగొండ పల్లెలలో బావిపై డీజిలు ఇంజను నడిపిన రైతునకు లైనరు మార్పించుట, బుష్షు వేయించుట తెలియని సంగతి కాదు.

కాని బాయిలరు విషయమున ఈ ఉదారత పనికిరాదు. నీరు ఆవిరియైనచో సామాన్య పీడనమున సుమారు 1,600 రెట్లు వ్యాపించును. రేకు పలుచబడినను, చీలినను దానిని పారవేయుడు. గిన్నెలకు వేయు తగరపు మాటు సుమారు 183 డిగ్రీల సెంటీగ్రేడునకే కరగును. నీరు తగ్గిన క్షణమున మంట ఆ వేడిని దాటించును. కంసాలులు వెలిగారముతో వేయు వెండి అతుకు 600 డిగ్రీలకు పైననేగాని కరగదు. అట్టి అతుకు కారినచో శుభ్రపరచి మరల అతుకవచ్చును.

పిమ్మట బాయిలరును గాలి లేకుండ నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిని చేతిపంపుతో కలిగింపుడు. నీరు నొక్కుడుపడదు గనుక అతుకు విడినను నీటిచుక్కలే కారును. అదే గాలితోనో ఆవిరితోనో పరీక్షించినచో ముక్కలు ఎగిరి ప్రాణాపాయము కలుగును.

యంత్రమును మాత్రము మొదట సైకిలుపంపు గాలితో మెల్లగా త్రిప్పి చూడుడు. ఎచ్చట బిగియునో, ఎచ్చట కారునో అదే చెప్పును. ఆ లోపములు తీరిన పిదపనే పొయ్యి వెలిగింపుడు.