వార్తల్లో పదం: లిఫ్ట్ చట్టం

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని ఆరేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ‘లిఫ్ట్ చట్టం’ మాట చర్చకు వస్తుంది.

లిఫ్టులకు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు; రాష్ట్రాలు ఎవరికి వారు చేసుకోవాల్సిందే. బొంబాయిలో 1939లోనే వచ్చింది. దాని స్థానంలో మహారాష్ట్ర 2017లో ఎస్కలేటర్లనూ కలిపి కొత్తది తెచ్చింది. ఉత్తరప్రదేశ్ 2024 దాకా ఆగింది. అనుమతి, తనిఖీ, నిర్వహణ, ప్రమాదం జరిగితే అధికారులకు సమాచారం: ఇలాంటి చట్టాల సారాంశం ఇదే.

తాడు తెగి లిఫ్ట్ కూలుతుందన్నది మన భయం. అందుకు విరుగుడు ఎప్పటి నుంచో ఉంది. వేగం హద్దు దాటితే గవర్నర్ అనే పరికరం పసిగడుతుంది, వెంటనే సేఫ్టీ బ్రేకులు పక్క పట్టాలను కరిచి పట్టుకుంటాయి. అసలు ముప్పు తలుపు దగ్గర. తలుపు పూర్తిగా పడితే తప్ప లిఫ్ట్ కదలకుండా చూసేది ఇంటర్‌లాక్. అది పనిచేయకపోయినా, ‘మాటిమాటికీ ఆగిపోతోంది’ అని ఎవరైనా దాన్ని తప్పించినా, లిఫ్ట్ తలుపు తెరిచి ఉన్నా కదలగలదు. పాత కటకటాల తలుపులైతే సందుల్లోంచి పిల్లల చేతులు కూడా దూరతాయి.

సరుకుల లిఫ్టులది మరో కథ. బ్రిటన్‌లో 1998 నిబంధనల ప్రకారం మనుషులెక్కే లిఫ్ట్‌ను మామూలుగా ఆరు నెలలకోసారి, సరుకులదాన్ని ఏడాదికోసారి క్షుణ్నంగా పరీక్షించాలి. మన దుకాణాల్లో ఆ తేడా కాగితం మీదే. బస్తాలతోపాటు కుర్రాళ్లూ అందులోనే ఎక్కుతారు.