మీకు తెలుసా? మన గిటార్ రొద ‘స’ అయితే, అమెరికాది ‘గ’!

హైదరాబాద్ దోమలగూడలో ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆంప్‌కి తగిలిస్తే వచ్చే ‘గుయ్‌’మనే రొద, న్యూయార్క్‌లో వచ్చే రొదకన్నా తక్కువ శ్రుతిలో ఉంటుంది. ఆ రొద కరెంటు నుంచే వస్తుంది: మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాది 60 సార్లు. అంటే నిష్పత్తి 6:5. సంగీతం నేర్చినవాళ్లు ఇట్టే పట్టేస్తారు: మన రొదను షడ్జమం అనుకుంటే, వాళ్లది సాధారణ గాంధారం.

తంత్రి కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగమే పికప్. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కి ఈ రొద పుట్టుకతో వచ్చిన జబ్బు. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నటి రాగితీగ, తంత్రి కదలికతో పాటు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ గోలనూ లాగేసుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీర్ సెత్ లవర్ రెండు కాయిళ్లను పక్కపక్కన, వాటి కనెక్షన్నూ అయస్కాంత ధ్రువాలనూ ఒకదానికొకటి తారుమారు చేసి పెట్టాడు. రొదకు రొద చెల్లు, తంత్రి నాదం మాత్రం కలిసి రెట్టిస్తుంది. అదే హంబకర్. నాదం చిక్కగా ఉంటుంది కానీ, సింగిల్ కాయిల్‌లోని గలగల కొంత తగ్గుతుంది. ఒక్క రొద కోసం ఆ గలగలను వదులుకోవడం, నన్నడిగితే, నష్టమే.



అయినా సింగిల్ కాయిల్ తీసి హంబకర్ పెట్టుకోవాలనుకుంటే, దాని వెడల్పు దాదాపు రెట్టింపు. సింగిల్ కాయిల్ గాడిలో పట్టదు, చెక్క తొలచాల్సిందే. ఆ గాడిలోనే ఇమిడే సన్న హంబకర్లూ దొరుకుతాయి. కొనేముందు స్కేలు పెట్టి కొలుచుకోండి.