34 శాతం దగ్గర ఆరిపోయిన ఫోను

గ్యాస్ సిలిండర్ మార్చిన రోజున అమ్మ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుడుతుంది. అక్కడి నుంచి రోజులు లెక్కపెడుతుంది. నెల దాటాక ఒకసారి సిలిండర్‌ని రెండు చేతులతో కాస్త పైకెత్తి చూసి, "ఇంకో నాలుగు రోజులొస్తుంది" అంటుంది. వస్తుంది కూడా. చుట్టాలు దిగినప్పుడో, సంక్రాంతికి అరిసెలు వండినప్పుడో మాత్రం లెక్క తప్పుతుంది.

ఆమె ఫోనులో బ్యాటరీ బొమ్మ పక్కన కనిపించే అంకె కూడా ఇలాగే పుడుతుంది. ఆ సంగతి నేను పట్టించుకుని చూడాల్సిన అవసరం పోయిన మే నెలలో వచ్చింది. గుంటూరులో ఎండలు మండిపోతున్నాయి. అమ్మ వంటగదిలో నిలబడి పిన్నితో మాట్లాడుతుంటే ఫోను ఆరిపోయింది. అప్పటికి 34 శాతం ఉంది. ఛార్జర్ తగిలించగానే లేచి, 29 అని చూపించింది. నాలుగేళ్ల కిందట పదివేల లోపు కొన్న ఫోను, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. మర్నాడు దుకాణంలో కుర్రాడు చూసి, "బ్యాటరీ పోయింది ఆంటీ. దీనిమీద డబ్బులు పెట్టే బదులు కొత్తది తీసుకోండి, ఎక్స్చేంజ్ ఉంది" అన్నాడు. "తెర బాగుంది, మాట బాగా వినిపిస్తోంది, పిల్లల ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఎందుకు మార్చాలిరా?" అంది అమ్మ ఇంటికొచ్చాక. జవాబు చెప్పాలంటే ఆ బ్యాటరీ ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియాలి. ఫోను మాత్రం ఆ మాట చెప్పదు.

నిజానికి ఒక మాట చెబుతుంది, కానీ దాన్ని మనం తప్పుగా అర్థం చేసుకుంటాం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్ తెరిచి *#*#4636#*#* నొక్కితే ఒక పరీక్షల పేజీ వస్తుంది. బ్యాటరీ యాప్‌లు కూడా అదే సమాచారాన్ని చూపిస్తాయి. అమ్మ ఫోనులో బ్యాటరీ ఆరోగ్యం ఎదురుగా "గుడ్" అని ఉంది. పడుతూ లేస్తూ నడుస్తున్న బ్యాటరీని బాగుందంటుందేమిటని ఆశ్చర్యపోయాను. ఆండ్రాయిడ్ లెక్కలో ఆ మాటకు అర్థం వేరు. ఈ క్షణాన బ్యాటరీ మరీ వేడెక్కలేదు, మరీ చల్లబడలేదు, వోల్టేజి హద్దు దాటలేదు, పూర్తిగా చచ్చిపోలేదు. అంతే. జ్వరం లేదని చెప్పే థర్మామీటరు వంటిది, వయసు సంగతి దానికి తెలియదు.

వయసు ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఈ బ్యాటరీ పుట్టుక దాకా వెళ్లాలి.

1970లలో, చమురు సంక్షోభం నడుస్తున్న కాలంలో, అమెరికాలోని ఎక్సాన్ చమురు కంపెనీలోనే స్టాన్లీ విటింగ్‌హామ్ అనే రసాయన శాస్త్రవేత్త టైటానియం డైసల్ఫైడ్ పొరల మధ్యకు లిథియం అయాన్లు దూరి, మళ్లీ బయటికి రాగలవని గుర్తించి ఒక బ్యాటరీ చేశాడు. రెండు వోల్టులకు కాస్త పైన ఇచ్చింది. రెండో వైపున శుద్ధమైన లిథియం లోహం ఉండేది. అది చాలా చురుకైన లోహం. ఛార్జింగ్ చేసినకొద్దీ దానిమీద మీసాల్లాంటి మొలకలు లేచి అవతలి కొసను తాకేవి. నిప్పంటుకునేది.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్, ఆయనతో పనిచేసిన కోయిచి మిజుషిమా తదితరులు లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ని ముందుకు తెచ్చారు. దాంతో వోల్టేజి ఒక్కసారిగా నాలుగుకు చేరింది. ఆ పదార్థమే తర్వాత కోట్ల ఫోన్లకు ఆధారమైంది. గుడెనఫ్‌కి మాత్రం దానిమీద రాయల్టీ దక్కలేదు. 2019లో నోబెల్ వచ్చేనాటికి ఆయన వయసు 97. ఆ బహుమతి అందుకున్న వాళ్లందరిలోకీ పెద్దవాడు. 2023లో నూరేళ్లు నిండాక కన్నుమూశాడు.

మిగిలిన చిక్కును జపాన్‌లో అసాహి కాసీ కంపెనీ పరిశోధకుడు అకీరా యోషినో విప్పాడు. లిథియం లోహాన్నే పక్కన పెట్టి, దాని చోట కార్బన్‌ని పెట్టాడు. అది 1985. తర్వాత పేలుడు పదార్థాలను పరీక్షించే చోటికి తీసుకెళ్లి, బ్యాటరీల మీద ఇనుప దిమ్మ పడేశాడు. లిథియం లోహం ఉన్నది భగ్గుమంది, ఆయన చేసినది మండలేదు. లిథియం అయాన్ బ్యాటరీ ఆ క్షణానే పుట్టిందని యోషినో చెబుతుంటాడు. 1991లో సోనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఈనాటి ఫోను బ్యాటరీలో ఆ కార్బన్ వైపు గ్రాఫైట్ ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకును ఊహించుకోండి. పల్చటి పొర మీద పొర, మధ్యలో చక్కెర. గ్రాఫైట్ పొరల మధ్య ఛార్జింగ్ వేళ లిథియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. ఫోను వాడుతుంటే అవే బయలుదేరి కోబాల్ట్ ఆక్సైడ్ వైపు వెళతాయి. నిండుగా ఉన్నప్పుడు పొరల మధ్య దూరం పదిశాతం దాకా పెరుగుతుంది, ఖాళీ అయ్యాక తగ్గుతుంది. రోజుకోసారి ఈ ఉబ్బడం, తగ్గడం. పూతరేకునైతే అన్నిసార్లు విప్పి మడిస్తే పొడి అవుతుంది. గ్రాఫైట్ ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది.

అయినా అరుగుదల మొదటి ఛార్జింగ్‌లోనే, ఫోను మన చేతికి రాకముందే, ఫ్యాక్టరీలోనే మొదలైపోతుంది. గ్రాఫైట్ చుట్టూ ఉన్న ద్రవం తొలి ఛార్జింగ్‌లో కొంత విరిగిపోయి, కొంత లిథియంని కూడా కలుపుకొని గ్రాఫైట్ మీద సన్నటి పూతగా గట్టిపడుతుంది. బోరు నీళ్లు పట్టే బిందె లోపల తెల్లగా గార కడుతుంది చూడండి, అలాంటిదే. తేడా ఏమిటంటే ఈ గార లేకపోతే బ్యాటరీ బతకదు. అయాన్లను పోనిస్తూనే ద్రవం ఇంకా విరిగిపోకుండా కాపాడేది అదే. కానీ గ్రాఫైట్ ఉబ్బి తగ్గే ప్రతిసారీ ఆ పూత అక్కడక్కడా చిట్లుతుంది. చిట్లిన చోట కొత్త గార కడుతుంది. కట్టిన ప్రతిసారీ కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్నది ఇక ప్రయాణం చేయదు. బ్యాటరీ ముసలిదవడమంటే ప్రధానంగా ఇదే.

దీనివల్ల రెండు నష్టాలు. బిందెలో నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది, అంటే కెపాసిటీ తగ్గుతుంది. బిందె మూతి కూడా ఇరుకవుతుంది, అంటే లోపలి నిరోధం పెరుగుతుంది. మనం మొదటిదాని గురించే మాట్లాడుకుంటాం. అమ్మ ఫోనును పడగొట్టింది రెండోది.

ఎండ సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. గార కట్టడం రసాయన చర్య, వేడి పెరిగితే అది వేగం పుంజుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యలు దాదాపు రెట్టింపు వేగంతో జరుగుతాయని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఛార్జింగ్‌కి మామూలుగా పెట్టే పై హద్దు 45 డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలే ఆ హద్దు దగ్గర ఉంటుంది. పొయ్యి పక్కన ఫోను నిలబెట్టి సీరియల్ చూస్తూ, అదే సమయంలో ఛార్జింగ్ కూడా పెట్టే అలవాటు అమ్మకుంది. దానికితోడు 100 శాతం దగ్గర వోల్టేజి ఎక్కువగా ఉండటం కూడా బ్యాటరీకి శ్రమే. ఒకప్పుడు నిండు బ్యాటరీ అంటే 4.2 వోల్టులు. ఎక్కువ నిల్వ కోసం ఇప్పుడు 4.4 దాకా, ఇంకా పైకీ ఎక్కిస్తున్నారు. రాత్రంతా నిండుగా, వేడిగా పడి ఉన్న బ్యాటరీ తొందరగా అరుగుతుంది. కొత్త ఫోను కొన్న రోజున ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలి, పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి అన్న సలహాలు పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలానివి. వీటికి అవి మేలు చేయవు.

మళ్లీ సిలిండర్ దగ్గరికి వస్తాను. ఫోనులోని చిప్ బ్యాటరీ లోపలికి తొంగి చూడలేదు. ఎంత కరెంటు లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని క్షణక్షణం లెక్క రాసుకుంటుంది. ఇది అమ్మ రోజులు లెక్కపెట్టడం. ఫోను తీరిగ్గా ఉన్నప్పుడు వోల్టేజి చూసి ఆ లెక్కను సరిచేసుకుంటుంది. ఇది సిలిండర్‌ని ఎత్తి చూడటం. చిక్కేమిటంటే ఛార్జి చాలావరకు దిగుతున్నా మధ్యలో వోల్టేజి పెద్దగా తగ్గదు, అందుకని ఎత్తి చూసినా బరువు తేడా సరిగా తెలియదు. పైగా సిలిండర్ పరిమాణమే ఏటేటా తగ్గుతుంటే, చిప్ ఇంకా పాత కొలతే గుర్తుపెట్టుకుంటే, అంకె తప్పక తప్పుతుంది.

యూఎస్‌బీ మీటర్ అని ఒక చిన్న పరికరం దొరుకుతుంది. ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెడితే ఎన్ని వాట్ అవర్లు వెళ్లాయో చూపిస్తుంది. దాంతో నేను కొలిచాను. ముందు ఫోనును పూర్తిగా దింపాలి, కానీ మామూలుగా వాడితే 30ల్లోనే ఆగిపోతోంది కదా. అందుకని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెర వెలుగు బాగా తగ్గించి, ఫోనులో దాచుకున్న అన్నమయ్య కీర్తనలు చిన్న గొంతుతో పెట్టి వదిలేశాను. ఆశ్చర్యంగా 2 శాతం దాకా నడిచింది. నాలుగడుగులేస్తే ఆయాసపడే మనిషి మెల్లగా నడిస్తే వీధి చివరిదాకా వెళ్లినట్టు. చోటు ఉంది, మూతే ఇరుకైందన్న అనుమానం అప్పుడే కలిగింది.

తర్వాత 100 దాకా ఎక్కిస్తే మీటర్ 17.2 వాట్ అవర్లు చూపించింది. ఇందులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా వేడిగానూ ఫోను సొంత ఖర్చుకూ పోతుందనుకుంటే, బ్యాటరీకి చేరింది సుమారు 14.7 నుంచి 15.5 మధ్య. కొత్తప్పుడు 5000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు, అంటే 19.25 వాట్ అవర్లు. ఎంఏహెచ్ అంకెల్ని నేరుగా పోల్చకూడదు. మీటర్ కొలిచేది ఛార్జర్ ఇచ్చే 5 వోల్టుల దగ్గర, బ్యాటరీ ఉండేది 3.85 దగ్గర. అలా పోల్చి తప్పు నిర్ణయానికి వచ్చేవాళ్లు చాలామంది. వాట్ అవర్లలో చూస్తే మిగిలింది సుమారు 77 నుంచి 80 శాతం. మామూలుగా 80 దాటి కిందికి వస్తే బ్యాటరీ మార్చే వేళయిందంటారు.

రెండో పరీక్షకి డబ్బు ఖర్చు లేదు. సగం ఛార్జి మీద వోల్టేజి చూపించే యాప్ తెరిచాను. తీరిగ్గా ఉన్నప్పుడు 3.81. వెనకాల వీడియో తీస్తూ, టార్చ్ వెలిగించగానే 3.52కి జారింది. లోపలి నిరోధం ఓమ్‌లో పదో వంతు పెరిగినా, రెండు ఆంపియర్లు లాగే క్షణాన 0.2 వోల్టు అక్కడే పోతుంది. సుమారు 3.4 కిందికి జారితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మా వంటగదిలో సిగ్నల్ సరిగా అందదు. అందని టవర్‌ని అందుకోవడానికి ఫోను ఇంకా గట్టిగా అరవాలి. 34 దగ్గర పిన్ని గొంతు తెగిపోయింది అందుకే.

ఈ రెండు అంకెలూ ఫోను తయారీదారు మనకు చెప్పాల్సినవి. 2017 డిసెంబరులో ఆపిల్, ముసలి బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని తాను తగ్గిస్తున్నట్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ దుమారం తర్వాత 2018లో సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం పేజీ పెట్టింది. ఆండ్రాయిడ్‌లో ఎన్ని ఛార్జింగ్ చక్రాలు తిరిగాయన్న లెక్కకు 2023లో ఆండ్రాయిడ్ 14తో చోటు కల్పించారు. 2025 జూన్ నుంచి ఐరోపా సమాఖ్య మార్కెట్లోకి కొత్తగా వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 చక్రాలు తిరిగాక కూడా 80 శాతం నిలుపుకోవాలన్న నిబంధన ఉంది. ఒకే ఫోనుని నాలుగైదేళ్లు వాడేది చవక ఫోన్లు కొనేవాళ్లే. ఈ అంకెలు ఆఖరున చేరేది వాళ్లకే. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంకో దుకాణంలో బ్యాటరీ మార్పించాం. పాతది చేతిలోకి తీసుకుంటే మధ్యలో కాస్త పొట్ట వచ్చి ఉంది. లోపల విరిగిన ద్రవం నుంచి పుట్టిన వాయువు అది. ఇలా ఉబ్బితే ఛార్జింగ్ ఆపేయాలి, నొక్కకూడదు, సూది గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. మన దేశంలో 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత వాటిని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీలది. కొసలకు టేపు చుట్టి, సేకరణ కేంద్రంలో ఇచ్చి వచ్చాను.

ఆ రాత్రి అదే మీటర్, అదే ఛార్జర్, అదే కేబుల్‌తో కొత్తదాన్ని 2 నుంచి 100 దాకా ఎక్కించాను. 21.6 వాట్ అవర్లు. నష్టాలు రెండుసార్లూ దాదాపు ఒకటే కాబట్టి 17.2ని దీంతో నేరుగా పోల్చవచ్చు. పాతది 80 శాతానికి ఒక వెంట్రుక కింద ఉంది. టార్చ్ పరీక్షలో కొత్తది 3.83 నుంచి 3.72కి మాత్రమే జారింది.

పొద్దున్న లేచేసరికి అమ్మ గోడమీద క్యాలెండర్ దగ్గర నిలబడి ఉంది. "నీ అంకె ఎంతన్నావు?" అని అడిగి, సిలిండర్ సున్నాకి రెండు గళ్ల అవతల 21.6 అని రాసుకుంది. మళ్లీ సంవత్సరం ఇదే తేదీకి మీటర్ తీసుకుని రమ్మంది.